జెర ముఖం తెల్లగ చెయ్యక్కా

ఏప్రిల్ పరీక్షలు అయిపోయి ఫలితాలు వచ్చేలోపే సీతాఫల్‌మండి మెయిన్ రోడ్డు నిండా బడుల బ్యానర్లు వేలాడతాయి. చిలకలగూడ వైపు నడిచినా, నామాలగుండు ఎక్కినా, వారాసిగూడకు మళ్లినా కరెంటు స్తంభానికొకటి. 'అడ్మిషన్స్ ఓపెన్' అన్న ఎర్రటి అక్షరాల పక్కన నలుగురు పిల్లలు బ్యాగులు తగిలించుకుని నవ్వుతుంటారు. రాగి జుట్టు, నీలి కళ్లు, గులాబీ బుగ్గలు. ఆ బడిలో చేరేదేమో ఆటో డ్రైవర్ల పిల్లలు, రైల్వే ఉద్యోగుల పిల్లలు, టైలర్ల పిల్లలు, ఇళ్లలో పనిచేసే తల్లుల పిల్లలు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఆ బ్యానర్ మీద ఉండదు.

నేను ఈ ఏరియాలోనే డీటీపీ, ఫ్లెక్సీ డిజైనింగ్ షాపు నడుపుతాను. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లి కార్డులు కంపోజ్ చేసే రోజుల్లో నేనీ పనిలోకి వచ్చాను. ఇప్పుడు రోజంతా కోరల్‌డ్రా, ఫోటోషాప్. ప్రకటనల్లో వివక్ష అనగానే అందరూ టీవీ గురించి, పెద్ద కంపెనీల గురించి మాట్లాడతారు. అది నిజమే, ఆ సంగతికీ వస్తాను. కానీ ప్రకటనలో ఎవరుండాలి, ఎవరుండకూడదు అన్న నిర్ణయం ఎలా జరుగుతుందో నాకు కళ్లారా కనిపించేది మా వీధిలోనే.

నీలి కళ్ల పిల్లలు ఇక్కడిదాకా ఎలా వస్తారో చెప్తాను. బడివాళ్లు పొద్దున వాట్సాప్‌లో మ్యాటర్ పంపుతారు. బడి పేరు, లోగో, ఫోన్ నంబరు, 'ఏసీ క్లాస్‌రూమ్స్, డిజిటల్ బోర్డ్స్, అబాకస్'. చివర 'మంచి పిల్లల ఫోటో మీరే పెట్టండి'. సాయంత్రానికి బ్యానర్ కట్టాలి. బ్యానర్‌కి డబ్బులు చదరపు అడుగు లెక్కన ఇస్తారు. ఫోటో తీయించడానికి విడిగా ఎవరూ పైసా ఇవ్వరు. అందుకని డిజైనర్లందరూ చేసేది ఒకటే, ఇంటర్నెట్‌లో రెడీమేడ్ ఫోటోలు దొరికే సైట్లలోకి వెళ్లడం. అక్కడ 'హ్యాపీ ఫ్యామిలీ' అని కొడితే వరసగా యూరప్, అమెరికా కుటుంబాలు వస్తాయి. 'ఇండియన్ ఫ్యామిలీ' అని మారిస్తే తెల్లగా మెరిసే ఉత్తరాది కుటుంబం, మగాయన కుర్తాలో, ఆమె చేతిలో హారతి పళ్లెం. నల్లటి పిల్లలు కావాలంటే 'పూర్', 'విలేజ్', 'స్లమ్' అన్న మాటలు కొట్టాలి. అప్పుడు మాత్రం మన పిల్లల్లాంటి పిల్లలు బోలెడంత మంది, చెప్పుల్లేకుండా, చిరిగిన బట్టల్లో. మన రంగు పిల్లాడు నవ్వుతూ బడికి పోయే ఫోటో కోసం నేను పేజీల మీద పేజీలు తిప్పుతాను.

ఇందులో ఎవరో కూర్చుని పన్నిన కుట్ర లేదు. టైమ్ తక్కువ, డబ్బు తక్కువ, సైట్‌లో దొరికేది అదే. వీటికి తోడు కస్టమర్ చెప్పే ఇంకో మాట: 'లుక్ రిచ్‌గా ఉండాలె అక్కా.' రిచ్ లుక్ అంటే ఏంటో ఎవరూ విడమరిచి చెప్పరు. ప్రూఫ్ మీద ఫోటో మార్చి చూపిస్తే తెలుస్తుంది. తెల్ల పిల్లల్ని పెడితే వెంటనే ఓకే. మన పిల్లల్ని పెడితే 'ఏదో గవర్నమెంటు బడి పోస్టర్‌లెక్క ఉంది' అంటారు.

ఒక చిన్న బడి కరస్పాండెంట్ మేడమ్‌తో ఈ విషయం చాలాసేపు మాట్లాడాను. ఆమె ఒప్పుకున్నారు. తల్లిదండ్రుల దగ్గర సంతకాలు తీసుకుని, వాళ్ల బడి గ్రౌండ్‌లోనే, యూనిఫామ్ వేసుకున్న వాళ్ల పిల్లలనే ఫోటోలు తీశాం. పొద్దున ఎనిమిదింటి ఎండ ముఖం మీద పక్క నుంచి పడితే ఏ రంగు చర్మమైనా ఎంత బాగుంటుందో కెమెరా పట్టినవాళ్లకు తెలుసు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, పన్ను ఊడిన నవ్వు. బ్యానర్ కట్టిన రోజు పిల్లల నానమ్మలు, అమ్మమ్మలు కూడా వచ్చి చూసి పోయారు. ఆ బడికి మేం ఇప్పటికీ అట్లనే చేస్తున్నాం. మిగతా బడులు ఇంకా సైట్ల మీదే ఆధారపడుతున్నాయి.

ఇక ముఖం రంగు సంగతి. మా షాపులో రోజూ వినపడే మాట, 'జెర ముఖం తెల్లగ చెయ్యక్కా.' బర్త్‌డే ఫ్లెక్సీ కావచ్చు, ఓణీల ఫంక్షన్ కావచ్చు, బస్తీ లీడర్ పుట్టినరోజు కావచ్చు. చేయడం కష్టమేం కాదు. ముఖం, మెడ సెలెక్ట్ చేసుకుని, అంచులు తెలియకుండా ఫెదర్ ఇవ్వాలి. కర్వ్స్ తెరిచి గీతను మధ్యలో పట్టుకుని కొంచెం పైకి లాగితే చర్మం వెలుగుతుంది. పసుపు తగ్గిస్తే గులాబీ ఛాయ వస్తుంది. హడావుడిలో చెవులు, చేతులు వదిలేస్తారు. ఊళ్లో చాలా ఫ్లెక్సీల మీద ముఖమొక రంగు, చేతులొక రంగు ఉండేది అందుకే. ఈసారి రోడ్డు మీద వెళ్తున్నప్పుడు గమనించండి.

ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ కోసం ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు పన్నెండో పదమూడో ఉంటాయి. చామనఛాయ, పెద్ద కళ్లు, చక్కటి పిల్ల. తల్లి అడిగినట్టే అడిగింది. 'అట్లనే బాగుంది కదమ్మా' అన్నాను. తల్లి ఏదో అనేలోపే ఆ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడి మానిటర్ మీద వేలు పెట్టింది. 'చేతులు గూడ తెల్లగ చెయ్యండి ఆంటీ, లేకపోతే తెలిసిపోతది' అంది. ఆ వయసు పిల్లకు ఈ పాఠం బడిలో చెప్పరు, అమ్మ కూర్చోబెట్టి నేర్పదు. పుట్టినప్పటి నుంచి చూసిన ప్రతి గోడ, ప్రతి స్క్రీన్ కలిసి నేర్పాయి.

ఆ పాఠానికి పాతకాలపు సిలబస్ ఉంది. ఫెయిర్ అండ్ లవ్‌లీ క్రీమును హిందుస్థాన్ లీవర్ 1975లో మార్కెట్లోకి తెచ్చింది. దశాబ్దాల పాటు దాని ప్రకటనల కథ ఒకటే. నల్లగా ఉన్నంతకాలం అమ్మాయికి సంబంధం కుదరదు, ఉద్యోగం రాదు. క్రీము రాశాక అన్నీ వచ్చి ఒళ్లో వాలతాయి. కాలం మారితే కథలో పెళ్లికొడుకు స్థానంలో ఉద్యోగం వచ్చింది తప్ప నలుపు మీద తీర్పు మారలేదు. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం, అదే మన ఐద్వా, ఈ ప్రకటనల మీద పట్టుబట్టి ఫిర్యాదులు చేసింది. 2003లో కొన్ని ప్రకటనలు టీవీ నుంచి దిగిపోయాయి. 2005లో ఇమామీ కంపెనీ ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చి మగపిల్లలనూ ఈ వరసలో నిలబెట్టింది. 2014లో ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న సంస్థ, అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, ఓడిపోయినవాళ్లుగా, పెళ్లికి పనికిరానివాళ్లుగా చూపించకూడదని నియమాలు రాసింది. 2020లో అమెరికాలో నల్లజాతివారి ఉద్యమం లేచాక క్రీము పేరు గ్లో అండ్ లవ్‌లీగా మారింది.

పేరు మారడం మంచిదే. అయితే నలుపును తిట్టడం ఆపితే సరిపోదు, నల్లవాళ్లను చూపించాలి కూడా. యునిసెఫ్, జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2019లో మన దేశంలో బాగా ప్రచారమైన వెయ్యికి పైగా టీవీ, యూట్యూబ్ ప్రకటనలను పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చాయి. ప్రకటనల్లో కనిపించిన ఆడవాళ్లలో మూడింట రెండు వంతుల మంది తెల్లటి, లేదా తెలుపుకు దగ్గరి ఛాయవాళ్లు. మగవాళ్లలో ఆ వాటా సగం దగ్గర ఆగింది. అంటే కొంచెం రంగు తక్కువైనా మగవాడికి తెర మీద చోటుంది, ఆడదానికి అది కూడా లేదు. సాయి పల్లవి ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదనుకున్నప్పుడు మా వీధి ఆడపిల్లలు అంతగా సంబరపడింది అందుకే. 'ఫిదా'లో బాన్సువాడ పిల్లగా, ముఖం మీద మొటిమలతోనే ఆమె మనకు నచ్చింది.

అదే నివేదికలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రకటనల్లో ఆడవాళ్లు తక్కువగా ఉన్నారని అనుకుంటాం. కాదు, తెర మీద దాదాపు అరవై శాతం సమయం వాళ్లదే. కాకపోతే ఇల్లు, వంట, పిల్లలు, శుభ్రం, షాపింగ్ దగ్గరే ఎక్కువ కనిపిస్తారు. కాబట్టి ప్రకటనలో ఎంతమంది ఉన్నారన్నది ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎవరి చేతిలో ఏముందో చూడాలి.

నాకు రియల్ ఎస్టేట్ బ్రోచర్లు గుర్తొస్తాయి. ఘట్‌కేసర్ దగ్గర వెంచర్ కావచ్చు, యాదగిరిగుట్ట రోడ్డులో ప్లాట్లు కావచ్చు, బొమ్మ ఒకటే. నాన్న చేతిలో తాళం చెవి. అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆయన ముఖంలోకి చూస్తుంటుంది. కొడుకు నాన్న భుజాల మీద, కూతురు అమ్మ కొంగు దగ్గర. అమ్మ చేతికి తాళం ఇచ్చిన బొమ్మ నేను ఎక్కడా చూడలేదు. మా దగ్గరికి బ్రోచర్ వేయించుకోవడానికి వచ్చే ఏజెంట్లను అడిగితే, అడ్వాన్సుకు చిట్టీ పాడేది, బంగారం కుదువ పెట్టేది, నెలనెలా కిస్తీ గుర్తుపెట్టుకునేది ఎక్కువగా ఆడవాళ్లే అని వాళ్లే చెప్తారు. అయినా తాళం బొమ్మ మారదు. బట్టలు ఉతకడం ఆడవాళ్ల పనే ఎందుకైందని 2015లో ఏరియల్ సబ్బుపొడి ప్రకటనలు అడిగాయి. మన ఇళ్లలో దాని మీద గొడవలూ అయ్యాయి, నవ్వులూ అయ్యాయి. ఒక ప్రకటన అంత మాట్లాడించగలదంటే, మిగతావి ఇన్నేళ్లు మనల్ని ఎంత మౌనంగా ఉంచాయో అర్థమవుతుంది.

తెలుగు టీవీలో చూసే పెద్ద కంపెనీల యాడ్లలో చాలా భాగం ముంబైలో హిందీలో తీసి తెలుగు గొంతు అతికించినవే. వంటిల్లు మనది కాదు, చీర కట్టు మనది కాదు, పళ్లెంలో రోటీలు. మాటలు మాత్రం తెలుగు. ఆ తెలుగులోనూ అంతస్తులున్నాయి. డాక్టరు, టీచరు, మంచి తల్లి, ఇంజనీరు కొడుకు పత్రికల భాష మాట్లాడతారు. మా తెలంగాణ యాస ఆటో డ్రైవర్‌కో, పనిమనిషికో, నవ్వించే మనిషికో ఇస్తారు. సినిమాల్లో విలన్‌కూ కమెడియన్‌కూ ఇచ్చిన పద్ధతే ఇక్కడికీ వచ్చింది. నాకు తెలిసిన డాక్టర్లు, ఉస్మానియా యూనివర్సిటీ లెక్చరర్లు, బ్యాంకు మేనేజర్లు ఎంతోమంది ఈ యాసలోనే పేషెంట్లతో, విద్యార్థులతో మాట్లాడతారు. వాళ్లు ప్రకటనల లోకంలో లేరు.

పండుగల సంగతీ అంతే. చాలా ఏళ్లు ప్రకటనల్లో తెలుగు పండుగంటే సంక్రాంతి ముగ్గు, మండువా లోగిలి, పట్టుచీర. 2014లో తెలంగాణ వచ్చింది, బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాయి. ఆ తరవాత చూస్తే షాపింగ్ మాల్ హోర్డింగుల మీద తంగేడు పూలు, బోనం కుండలు వచ్చేశాయి. చిలకలగూడ కట్టమైసమ్మ గుడి ముందు బోనాలకు జనం అంతకుముందూ వచ్చేవారు, కొత్త బట్టలూ కొనేవారు. అమ్మేవాళ్లకు వాళ్లు కస్టమర్లుగా కనపడింది మాత్రం అప్పుడే. గొంతెత్తినవాళ్లకు బొమ్మలో చోటు దొరుకుతుందనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

గొంతెత్తలేని వాళ్లు ఇంకా బయటే ఉన్నారు. మా వీధిలో ముస్లిం కుటుంబాలున్నాయి, చర్చికి పోయే కుటుంబాలున్నాయి. ముస్లింలు రంజాన్ నెలలో హలీం ఫ్లెక్సీ మీద కనపడతారు, క్రైస్తవులు క్రిస్మస్ కేకు పక్కన. టూత్‌పేస్టు, ప్రెషర్ కుక్కర్, ఇన్సూరెన్స్ పాలసీ అమ్మేటప్పుడు వాళ్లు కనపడరు. వాళ్లూ పళ్లు తోముకుంటారు, పప్పు ఉడకబెట్టుకుంటారు. హిందూ కోడలికి ముస్లిం అత్తగారు సీమంతం చేస్తున్నట్టు చూపించిన తనిష్క్ నగల ప్రకటన 2020 అక్టోబరులో కొద్ది రోజుల్లోనే వెనక్కి పోయింది. దాని మీద వచ్చిన దాడి చూసి ఎన్ని కంపెనీలు అలాంటి ఆలోచన మొదట్లోనే మానుకుని ఉంటాయో!

ఒకర్ని చూపించి వందమందిని దాచే పనిలో మన రెండు రాష్ట్రాలకు బాగా అనుభవమున్నది ర్యాంకుల ప్రకటనలు. ఫలితాలు రాగానే పేపర్ మొదటి పేజీ నిండా స్టాంపు సైజు ఫోటోలు. టీవీ పెడితే ఒకటి, ఒకటి, రెండు, మూడు అని గుక్క తిప్పుకోకుండా చదువుతారు. అలాంటి గ్రిడ్ నేనూ చాలాసార్లు అమర్చాను కాబట్టి చెప్తున్నా, అందులో ఉండని అంకె ముఖ్యమైనది. పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎంతమంది? ఎన్ని బ్రాంచిలు కలిపి ఈ పది ర్యాంకులు? ఆ పిల్లాడు అక్కడ చదివింది రెండేళ్లా, పది రోజులా?

ఈ మూడో ప్రశ్నకు జవాబు ఎంత భయంకరంగా ఉంటుందో ఢిల్లీలో బయటపడింది. 2022 సివిల్స్‌లో ఎంపికైన 933 మందిలో 682 మంది తమవాళ్లేనని ఖాన్ స్టడీ గ్రూప్ ప్రకటించుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ విచారిస్తే, వాళ్లలో 674 మంది వచ్చింది ఉచిత మాక్ ఇంటర్వ్యూకు మాత్రమే. మిగిలింది ఎనిమిది మంది. ఖాన్ స్టడీ గ్రూప్‌కు 5 లక్షల రూపాయల జరిమానా పడింది. ఆ ప్రకటనలోని ఫోటోలు నిజమైనవే, పేర్లు నిజమైనవే. ఒక్క అబద్ధమూ అచ్చు వేయకుండా ఇంత పెద్ద అబద్ధం చెప్పొచ్చు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు, ఫీజు కోసం పొలం కుదువ పెట్టే తల్లిదండ్రులు ఈ ఎనిమిది అంకెను గుర్తుపెట్టుకోవాలి.

2024 నవంబరులో ఆ వినియోగదారుల రక్షణ సంస్థే కోచింగ్ ప్రకటనలకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకరు ఏ కోర్సు తీసుకున్నాడో, ఫీజు కట్టాడో లేదో రాయాలి. ఫోటో వాడుకోవడానికి అనుమతి ఫలితం వచ్చాకే తీసుకోవాలి, అడ్మిషన్ ఫారం మీద ముందే సంతకం పెట్టించుకోకూడదు. అంతకుముందు 2022లో అదే సంస్థ ఇచ్చిన నియమాలు నా వృత్తికి నేరుగా తగిలే మాట ఒకటి చెప్పాయి. షరతులు రాసే ఫాంటు, గొప్పలు రాసిన ఫాంటు ఒకేలా ఉండాలి, ఒకే భాషలో ఉండాలి. మీ ఇంటి ముందు పడ్డ పాంప్లెట్ తీసి నక్షత్రం గుర్తు (*) పక్కన ఏముందో చదవడానికి ప్రయత్నించండి, ఈ నియమం ఎంతవరకు అమలవుతోందో తెలుస్తుంది.

ఇంతసేపూ కంపెనీలను, కోచింగ్ సెంటర్లను అన్నాం. మనం స్వయంగా రాసే ప్రకటనలు కూడా ఉన్నాయి. సీతాఫల్‌మండి గల్లీల్లో గేటుకొక టు-లెట్ బోర్డు. యూనివర్సిటీ దగ్గర కాబట్టి జిల్లాల నుంచి చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఎప్పుడూ గదులు వెతుకుతుంటారు. బోర్డు మీద 'ఓన్లీ ఫ్యామిలీస్', 'ఓన్లీ వెజిటేరియన్స్'. రెండో మాట కూర గురించి కాదు. కులం గురించి, మతం గురించి. ఆ సంగతి రాసినవాళ్లకూ తెలుసు, చదివి వెనక్కి తిరిగిన పిల్లలకూ తెలుసు. ఆ మాటతో బోర్డు నేను చేయను. కావాలంటే అద్దె, అడ్వాన్సు, గదులెన్నో రాసిస్తాను. ఆదివారం పేపర్లో పెళ్లి ప్రకటనలు ఇప్పటికీ కులాల వారీగా, 'తెలుపు, స్లిమ్' అంటూ వస్తున్నాయి. డాలస్‌లో ఉండే ఒక భారతీయ మహిళ పిటిషన్ పెడితే 2020 జూన్‌లో షాదీ డాట్ కామ్ ఛాయను బట్టి వెతికే ఏర్పాటు తీసేసింది. పేపర్లో ఆ మాట రాసేది కంపెనీ కాదు, మనమే. తీసేయడానికి ఏ పిటిషనూ అక్కర్లేదు.

టీవీ ప్రకటనలకు చట్టం ఉంది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమావళి, 1994లో ఏడో నియమం చదవండి. జాతిని, కులాన్ని, రంగును, మతాన్ని కించపరిచే ప్రకటన వేయకూడదు. ఆడవాళ్లు అణిగిమణిగి రెండో స్థానంలో ఉండాలని నూరిపోసే ప్రకటన వేయకూడదు. 2022 జూన్‌లో అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ కూడా స్త్రీ పురుషుల మూసబొమ్మల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎవరైనా దాని వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చేయవచ్చు, రుసుము లేదు. ర్యాంకుల్లాంటి తప్పుదోవ పట్టించే ప్రకటనలైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పవచ్చు. ఫోటో తీయండి, స్క్రీన్‌షాట్ పెట్టుకోండి, తేదీ, ఛానల్ పేరు, టైమ్ రాసుకోండి, పంపండి. ఒక్కరే పంపకుండా వీధిలో నలుగురి చేత పంపించండి. 2003లో ఆ ప్రకటనలు టీవీ నుంచి దిగింది ఆడవాళ్లు ఇలా కాగితం మీద రాసి ఫిర్యాదు చేయబట్టే.